ఆ ‘నెక్స్ట్ వీడియో’ కోడ్ రాసేది రేపు మీరే!

ఫోన్ చూపిస్తే గానీ ముద్ద దిగని పిల్లలు ప్రతి ఇంట్లో ఉన్నారు. ‘ఈ కాలం తల్లిదండ్రులకు ఓపిక లేదు’ అని తేలిగ్గా అనేస్తాం. కానీ కోడింగ్ చదువుకున్న మీరూ అదే మాట అంటే ఎలా? ఒక వీడియో అవ్వగానే ఇంకోటి దానంతటదే మొదలవడం యాదృచ్ఛికం కాదు. దాన్ని ఒక టీమ్ డిజైన్ చేసింది, టెస్ట్ చేసింది, పిల్లాడు ఎంతసేపు చూశాడో లెక్కేసింది. ఇటు వంటింట్లో ఒంటరిగా అమ్మ, అటు ఇంజినీర్ల దండు. ఇదేం పోటీ?

దీనికి మార్కెటింగ్ తోడైంది. బొమ్మల డబ్బా విప్పే వీడియో మనకు ప్రకటన. మూడేళ్ల పాపకు మాత్రం అదీ కథే. తేడా తెలిసే వయసు కాదది.

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. అదే ఏడాది, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల డేటా సేకరించారన్న ఆరోపణపై గూగుల్, యూట్యూబ్ అమెరికాలో 17 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు వాళ్లను ట్రాక్ చేయొద్దు, గురిపెట్టి ప్రకటనలు ఇవ్వొద్దు అంటోంది. మినహాయింపులు కొన్నే. తప్పితే జరిమానా రూ.200 కోట్ల వరకు!

అంటే ఇది నీతిపాఠం మాత్రమే కాదు, మీ కెరియర్ విషయం కూడా. వయసు నిర్ధారణ, తల్లిదండ్రుల సమ్మతి, డేటా ప్రైవసీ... ఇవన్నీ ఎవరో ఒకరు కట్టాల్సిన సిస్టమ్‌లే. జావా, పైథాన్‌తో పాటు వీటినీ నేర్చుకోండి.

‘ఫ్రెషర్ మాట ఎవరు వింటారు?’ అంటారా? నిజమే, చేరిన రోజే ప్రొడక్ట్‌ను మార్చలేరు. కానీ ఆటోప్లే డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండాలా, ఆఫ్‌లోనా అనేది చిన్న సెట్టింగే. మీటింగ్‌లో ఆ ప్రశ్న అడగడానికి సీనియారిటీ అక్కర్లేదు. ఇంటర్వ్యూ చివర్లో ‘ఏమైనా అడగాలా?’ అన్నప్పుడు, ‘మీ యాప్‌ను పిల్లలు వాడితే ఏ జాగ్రత్తలు తీసుకుంటారు?’ అని అడిగి చూడండి. ఆ కంపెనీ ఎలాంటిదో సగం అక్కడే తెలిసిపోతుంది.

ఆఫర్ లెటర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు కూడా. ఈ ఆదివారం అక్కకు క్లాస్ పీకే బదులు, ఆమె ఫోన్‌లో ఆటోప్లే ఆపేసి, కొనుగోళ్లకు పిన్ పెట్టివ్వండి. మీ చదువు ఇంటికి పనికొచ్చిన మొదటి ప్రాజెక్ట్ అదే అవుతుంది.