హీరో పక్కన నిలబెట్టే పిల్లోడు ఎవరి పిల్లోడు? (సినిమా – కులం: 9వ భాగం)



గత భాగం చదివి కాజీపేట, హనుమకొండ హాస్టళ్ళలో ఉండే కొందరు విద్యార్థులు ఒక ముచ్చట అడిగారు. "అన్నా, తెలుగులో కూడా సూపర్‌హీరో సిరీస్‌లు మొదలైనయి కదా. హీరోకు తోడుగా ఒక చిన్న పిల్లోణ్ణి పెట్టి, వాణ్ణి మన వాడ పిల్లోణ్ణి చేస్తే అది మనకు గెలుపే కదా?"

గెలుపు కాదు. ఎందుకు కాదో ఈ భాగంలో చెప్తాను.

ముందు ఈ తోడు పిల్లోడు ఎక్కడి నుంచి వచ్చాడో చూద్దాం. అమెరికాలో బాట్‌మన్ కామిక్ 1939లో మొదలైంది. ఏడాది తిరక్కముందే, 1940లో, రాబిన్ వచ్చాడు. బాట్‌మన్‌కు మాట్లాడటానికి పక్కన ఒక మనిషి కావాలని రచయిత బిల్ ఫింగర్ అనుకున్నాడు. కొనేది పిల్లలు కాబట్టి ఆ మనిషిని పిల్లోణ్ణి చేశారు. మరి ఎవరి పిల్లోడు? సర్కస్‌లో తాళ్ళ మీద ఊగే కుటుంబం పిల్లోడు. డబ్బు కోసం బెదిరించే ముఠా తాడు తెంచితే తల్లీతండ్రీ చనిపోయారు. నగరంలోకెల్లా పెద్ద ధనవంతుడు వాణ్ణి ఇంటికి తెచ్చుకుని రాత్రిపూట గూండాల మీదికి తీసుకెళ్ళాడు. బాట్‌మన్ కూడా అనాథే. అయితే బంగ్లా ఉన్న అనాథకు నల్ల ముసుగు, కవచం. సర్కస్ అనాథకు ఎర్ర చొక్కా, పసుపు కేప్, పొట్టి నిక్కరు. చీకట్లో తూటా ముందు ఎవరిని వెతుక్కుంటూ వస్తుందో మీరే చెప్పండి.

తర్వాత ఇంకో రాబిన్ వచ్చాడు, జేసన్ టాడ్. వీడు వీధి పిల్లోడు, బాట్‌మన్ కారు టైర్లు విప్పుతూ దొరికాడు. 1988లో కంపెనీ రెండు ఫోన్ నెంబర్లు ఇచ్చి, ఈ పిల్లోణ్ణి ఉంచాలా చంపాలా అని పాఠకులనే అడిగింది. చంపమని 5,343 ఓట్లు, బతకనివ్వమని 5,271. డెబ్బై రెండు ఓట్ల తేడాతో పిల్లోడు చచ్చాడు. బాట్‌మన్‌ను చంపాలా వద్దా అని మాత్రం ఎవరినీ అడగలేదు. తోడు పిల్లోడి ఉద్యోగం అంటే అదీ. హీరో ఉంటాడు, పిల్లోడు మారతాడు.

సినిమాలకు వద్దాం. క్రిస్టఫర్ నోలన్ 2005, 2008, 2012లో తీసిన మూడు బాట్‌మన్ సినిమాలను 'రియలిస్టిక్' అంటారు. అభిమానుల్లో చాలామంది మాట ఒకటే: రాబిన్ వస్తే రియలిజం చెడిపోతుంది. నేను తిరగేసి చెప్తున్నాను. కోటీశ్వరుడు రాత్రిపూట గబ్బిలం వేషం కట్టి న్యాయం చేయడం నమ్మశక్యం కాని సంగతి. పేద పిల్లోణ్ణి పెద్దోడి పని కోసం ప్రమాదంలోకి తోయడం రోజూ జరిగే సంగతి. కథలో అన్నిటికంటే నిజమైన పాత్ర రాబినే. అందుకే వాడు వస్తే ఇబ్బంది. పిల్లోడు తెర మీదికి రాగానే, వీడు బడికి ఎందుకు పోవట్లేదు, వీడి తల్లిని ఎవరు అడిగారు, వీడు పడితే ఎవరు జవాబు చెప్తారు అనే ప్రశ్నలు లేస్తాయి.

నోలన్ మూడో సినిమాలో రాబిన్‌ను పెద్దవాడైన పోలీసుగా తెచ్చాడు. ఆ పేరు కూడా చివర్లోనే తెలుస్తుంది. అతను పెరిగిన అనాథాశ్రమానికి వేన్ వారి ఫౌండేషన్ డబ్బిచ్చేది. కంపెనీ లాభాలు తగ్గగానే ఆ డబ్బు ఆగింది. పదహారేళ్ళు నిండిన పిల్లలు ఆశ్రమంలో ఉండటానికి లేదు. వాళ్ళు పని దొరుకుతుందని భూమి కింద సొరంగాల్లోకి, మురుగు కాలువల్లోకి దిగుతారు. వాళ్ళలో ఒకడి శవం మురుగునీటితో బయటికి కొట్టుకొస్తుంది. సినిమా అక్కడ కొద్దిసేపే ఆగి హీరో దగ్గరికి వెళ్ళిపోతుంది. చివర్లో బంగ్లాను అనాథ పిల్లలకు ఇస్తారు, కాదనను. కానీ చచ్చిన పిల్లోడు కథలో ఒక ఆధారంగా మిగిలాడు తప్ప మనిషిగా మిగలలేదు.

ఆ సీను మనకు సినిమా కాదు. మ్యాన్‌హోల్‌లో చచ్చేది ఏ వాడ మనుషులో మనకు తెలుసు. చేతులతో పాకీపని చేయించడాన్ని నిషేధించే చట్టం 1993లో వచ్చింది, మళ్ళీ 2013లో వచ్చింది. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో, 1993 నుంచి మురుగుకాలువల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరిగింది, చావులు ఆగలేదు. గాథమ్ నగరంలో మురుగులోకి దిగిన పిల్లోడి పేరు మీద సిరీస్ తీస్తే దాన్ని నేను రియలిస్టిక్ అంటాను.

ఇక మన దగ్గర. తోడు పిల్లోడి పదవి అమెరికా నుంచి దిగుమతి కాలేదు. ఘటోత్కచుణ్ణి గుర్తు తెచ్చుకోండి. 'మాయాబజార్'లో ఎస్వీ రంగారావును చూసి చప్పట్లు కొట్టాం. భారతంలో అతని గతి ఏమిటి? అడవి తల్లి కొడుకు. రాజ్యంలో వాటా లేదు, అవసరం పడ్డప్పుడు కబురు. అర్జునుడి కోసం దాచుకున్న శక్తి ఆయుధాన్ని కర్ణుడు ఘటోత్కచుడి మీద వాడక తప్పలేదు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషంతో చిందులేశాడు. కర్ణుడు చంపకపోతే నేనే చంపాల్సి వచ్చేది, వీడు బ్రాహ్మణులకూ యజ్ఞాలకూ విరోధి అని కూడా అన్నాడు. అభిమన్యుడూ కుర్రాడే, అతనూ చచ్చాడు. కానీ అభిమన్యుడి చావుకు అర్జునుడు మర్నాడు పొద్దు గుంకేలోగా పగ తీరుస్తానని శపథం పట్టాడు. ఒక పిల్లోడి చావుకు శపథం, ఇంకో పిల్లోడి చావుకు చిందులు. రాబిన్‌కు ఫోన్ ఓట్లు పెట్టిన కంపెనీ కంటే మనవాళ్ళు చాలా ముందున్నారు.

ఈ కథల మీదనే ఇప్పుడు తెలుగు సూపర్‌హీరో సిరీస్‌లు నడుస్తున్నాయి. 2024 జనవరిలో 'హను-మాన్' వచ్చింది, దాని చివర్లోనే 'జై హనుమాన్' ప్రకటించారు. అదే ఏడాది జూన్‌లో 'కల్కి 2898 ఏడీ' వచ్చింది. ఇవి నోలన్ తరహా సినిమాలు కావు, దేవుడి మహిమతో నడిచేవి. అయినా ఊరు, సంత, పేదోళ్ళ బస్తీ నిజంగా ఉన్నట్టు కనబడాలని కష్టపడతాయి. వీటిలో హీరోల తోడు ఎవరు? 'హను-మాన్'లో రవితేజ గొంతుతో మాట్లాడే కోతి. 'కల్కి'లో కీర్తి సురేశ్ గొంతుతో మాట్లాడే కారు, బుజ్జి. తరిమేవాళ్ళ నుంచి పారిపోతూ అశ్వత్థామను చేరే రాయా అనే చిన్నపిల్ల కూడా 'కల్కి'లో ఉంది. అంటే పిల్లలు రావడం మొదలైంది. సిరీస్ సాగేకొద్దీ ఇంకా వస్తారు, ఎందుకంటే బొమ్మలు, టీషర్టులు అమ్మాలంటే పిల్లలు కావాలి.

'హను-మాన్'లోనే ఒక మంచి హెచ్చరిక ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. విలన్ మైఖేల్ చిన్నప్పుడు సూపర్‌హీరోల పిచ్చిలో పడి, సూపర్‌హీరోలకు తల్లిదండ్రులు ఉండరు కదా అని తన తల్లిదండ్రులనే చంపేస్తాడు. ఈ రకం కథలు పిల్లోడి నుంచి ముందుగా ఏం తీసేస్తాయో ఆ సినిమాకు తెలుసు. తల్లిని తీసేస్తాయి. అడిగేవాళ్ళు లేని పిల్లోణ్ణి ఎటైనా పంపొచ్చు.

ఇప్పుడు మీ వాదనకు వస్తాను. దాన్ని తేలిగ్గా తీసిపారేయను. తెర మీద మన రంగు, మన యాస, మన పేరు ఉన్న పిల్లోడు ఎగిరి దూకితే, హాల్లో ముందు బెంచీ మీద కూచున్న మన పిల్లలకు ఛాతీ ఉబ్బుతుంది. అది చిన్న విషయం కాదు. అసలు లేకపోవడం కంటే పక్కన ఉండటం నయం కదా అంటారు. కానీ తమ్ముళ్ళారా, పక్కన ఉండటం మనకు కొత్తా? దొర పక్కన ఉన్నాం, చెప్పులు మోస్తూ. నాయకుడి పక్కన ఉన్నాం, జెండా మోస్తూ. తెలుగు సినిమాలో హీరో పక్కన ఏభై ఏళ్ళుగా ఉన్నాం, తన్నులు తిని నవ్విస్తూ. ఆ పదవికి మనల్ని ఎప్పుడూ అనర్హులు అనలేదు. అడగాల్సింది ఆ పదవిలో వాటా కాదు.

మరి ఏం అడగాలి? మన నేల మీదనే జవాబు ఉంది. 2014 మే 25న, తెలంగాణ ఏర్పడటానికి ఎనిమిది రోజుల ముందు, మాలావత్ పూర్ణ అనే లంబాడా అమ్మాయి ఎవరెస్ట్ ఎక్కింది. వయసు 13 ఏళ్ళ 11 నెలలు. ఆమెతో పాటు శిఖరం ఎక్కిన తోటి గురుకుల విద్యార్థి, ఖమ్మం జిల్లా దళిత కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. ఏ సూపర్‌హీరో వాళ్ళను చంకన పెట్టుకుని ఎగరలేదు. బడి ఉంది, తిండి ఉంది, శిక్షణ ఉంది, అప్పుడు గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ లాంటి పెద్దల తోడు ఉంది. అంటే ఇక్కడ తోడు పాత్ర పెద్దవాళ్ళది. ఎక్కింది పిల్లలు. 2017లో రాహుల్ బోస్ 'పూర్ణ' తీశాడు, మంచి పని చేశాడు. అయినా ఒకటి అడుగుతాను. పూర్ణ పేరు మీ అందరికీ తెలుసు. ఆనంద్ పేరు ఎంతమందికి గుర్తుంది? ఇద్దరు పిల్లలు కలిసి శిఖరం ఎక్కితే అందులో ఒకణ్ణి జ్ఞాపకంలోనే తోడు పిల్లోణ్ణి చేశాం.

ఇంకో జత. సఫాయి కర్మచారి ఆందోళన్ నిర్మించిన బెజవాడ విల్సన్, కోలార్ బంగారు గనుల దగ్గర పాకీపని చేసే కుటుంబంలో పుట్టిన తెలుగు బిడ్డ. 2016లో మెగసెసే అందుకున్నాడు. ఆయన పక్కన నిలబడ్డవాడు ఎస్.ఆర్. శంకరన్, ఐఏఎస్ అధికారి. బంగ్లా ఉన్నవాడు తోడుగా వచ్చాడు, బాధ తెలిసినవాడు ముందు నడిచాడు. రాబిన్ ముందు, బాట్‌మన్ పక్కన. ఆ సిరీస్ ఎవడైనా తీస్తాడా?

సినిమాకు ఈ పని చేతకాదని కాదు. 2021లో మలయాళంలో వచ్చిన 'మిన్నల్ మురళి' చూడండి. హీరో మేనల్లుడు జోస్‌మోన్‌కు కామిక్స్ తెలుసు, మామకు తెలియవు. శక్తులు ఏమిటో, వాటిని ఎలా పరీక్షించాలో పిల్లోడే నేర్పుతాడు. వాడికి ఇల్లుంది, తల్లి ఉంది. అయితే అదే సినిమాలో ఊరు వెలివేసినట్టు చూసే షిబు విలన్ అయ్యాడు. ఆ లెక్క ఇంకోసారి తేలుద్దాం.

కాబట్టి మీలో కథలు రాసేవాళ్ళు, షార్ట్ ఫిల్ములు తీసేవాళ్ళు ఈ నాలుగు పట్టుకోండి. పిల్లోణ్ణి పెడితే వాడికి ఇంటిపేరుతో సహా పేరు పెట్టండి. వాడి బడి చూపించండి. వాడి తల్లి ఒప్పుకుందో లేదో ఒక్క సీనైనా రాయండి. వాడు "నేను రాను" అని చెప్పగలిగేలా రాయండి. ఈ నాలుగు పెట్టాక కూడా వాడు హీరో కిందనే మిగిలితే, హీరోనే మార్చండి.

తెర వెనక సంగతి కూడా ఉంది. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం 14 ఏళ్ళ లోపు పిల్లల్ని సినిమాల్లో నటించనిస్తుంది, సర్కస్‌లో మాత్రం వద్దంటుంది. అంటే రాబిన్ వేషం వేయించొచ్చు, రాబిన్ చేసిన పని చేయించకూడదు. 2017 నిబంధనల ప్రకారం రోజుకు ఐదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పని చేయించరాదు. సంపాదనలో కనీసం 20 శాతం ఆ పిల్లల పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. మన వాడ పిల్లల్ని షూటింగ్‌కు గుంపుగా బండెక్కించుకుపోయేవాళ్ళను ఈ లెక్క అడగండి. ఇంటి పనిలో, కుటుంబ వృత్తిలో బడి అయ్యాక పిల్లలు సాయం చేయొచ్చని కూడా అదే చట్టం సందు ఇచ్చింది. కుటుంబ వృత్తి అంటే ఈ దేశంలో కులవృత్తి. చెప్పులు కుట్టేవాడి కొడుకు చెప్పుల పక్కన, డప్పు కొట్టేవాడి కొడుకు డప్పు పక్కన. చట్టం చేసినవాళ్ళకు కూడా మన పిల్లలు పక్కన ఉంటేనే బాగనిపిస్తుంది.

కాజీపేట జంక్షన్‌లో బండి ఆగిన కాసేపట్లో నీళ్ళ సీసాల బకెట్‌తో పెట్టె పెట్టె తిరిగే పోరగాళ్ళను చూడండి. దిగి, ఎక్కి, కదిలే బండిలో నుంచి దూకి బతుకుతారు. ఏ నోలన్‌కూ ఇంతకంటే రియలిస్టిక్ స్టంట్ దొరకదు. వాళ్ళకు కేప్ అవసరం లేదు. వాళ్ళకు కావాల్సింది రేపు పొద్దున్న తొమ్మిదింటికి తెరిచి ఉండే బడి, అందులో వాళ్ళ పేరున్న హాజరు పట్టీ.

వచ్చే భాగంలో షిబు లెక్క చూద్దాం: వెలివేసినవాడే విలన్ ఎందుకవుతాడు?

జై భీమ్.