అగ్గిపుల్ల పరీక్ష

బ్యాటరీలో పోసే కొత్త ఎలక్ట్రోలైట్ ద్రవంలో తడిపిన గాజునారకు మంట చూపిస్తారు. అంటుకోదు. 'ఇక బ్యాటరీ పేలదు' అని పత్రికలు రాసేస్తాయి. కాలేది లోపలి ద్రవమే కాబట్టి దాంట్లో ఓ మంటనిరోధకం కలిపితే పని అయిపోతుందన్న నమ్మకం అలా స్థిరపడిపోయింది.

ద్రవానికి మండే గుణం ఉన్న మాట నిజమే. తరచుగా వాడే డైమిథైల్ కార్బొనేట్ ఆవిరి 20 డిగ్రీల లోపే నిప్పందుకుంటుంది. అయితే 2022 ఏప్రిల్‌లో విజయవాడ, నిజామాబాద్ ఇళ్లలో స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు పోయినప్పుడు, వాటికి ఎవరూ అగ్గిపుల్ల అంటించలేదు. వేడి సెల్ లోపలే పుడుతుంది. 100 డిగ్రీల అటూ ఇటూలో గ్రాఫైట్ ఆనోడ్ మీది రక్షణ పొర చెదురుతుంది. బయటపడ్డ గ్రాఫైట్‌లోని లిథియం ద్రవంతో చర్య జరిపి ఇంకా వేడి పుట్టిస్తుంది. 200 దాటాక నికెల్ ఎక్కువున్న క్యాథోడ్ తనలోని ఆక్సిజన్‌ను వదులుతుంది. అది అవతలి గ్రాఫైట్‌ను చేరితే చాలు, బయటి గాలితో పనే లేదు. మండని ద్రవం పోసిన సెల్స్ కూడా ఇలా అదుపు తప్పడం పరిశోధనల్లో తేలింది.

మోతాదు సంగతీ ఉంది. ట్రైమిథైల్ ఫాస్ఫేట్ లాంటి మంటనిరోధకం మంటను ఆపాలంటే చిటికెడు చాలదు, ద్రవంలో ఐదో వంతు దాకా పోయాలి. అంత పోస్తే గ్రాఫైట్ పొరలు దెబ్బతింటాయి, బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. బయటికి చిమ్మిన ఆవిరి అంటుకోకుండా మంటనిరోధకం కొంత అడ్డుపడుతుంది, కాదనను. దానికి 'పేలదు' అని పేరు పెట్టడమే అన్యాయం.

అసలు కాపలా కాసే సంకలితాలు ఫొటోకు పనికిరావు. ఒకటి రెండు శాతం వినైలీన్ కార్బొనేట్ మొదటి ఛార్జింగ్‌లోనే ద్రవం కంటే ముందు విడిపోయి గ్రాఫైట్ మీద గట్టి పొర అల్లుతుంది. బైఫినైల్ ఇంకా నిక్కచ్చి: ఛార్జింగ్ శ్రుతిమించి సుమారు 4.5 వోల్టులు దాటితే గడ్డకట్టి వాయువు వదులుతుంది. గొట్టం ఆకారపు సెల్స్‌లో ఆ ఒత్తిడికి కరెంటు తెగిపోతుంది. సెల్ చస్తుంది, ఇల్లు మిగులుతుంది.

కంపెనీలు గాజునార వీడియోలు మానాలి. పూర్తిగా ఛార్జ్ చేసిన సెల్ ఏ డిగ్రీ దగ్గర తనంతట తాను వేడెక్కడం మొదలుపెట్టిందో చూపే కేలరీమీటర్ గ్రాఫ్ బయటపెట్టాలి. కొత్త సెల్‌ది ఒక్కటే చాలదు. ఈ సంకలితాలు వాడకంలో ఖర్చయిపోతాయి గనుక, వందల సార్లు ఛార్జయిన పాత సెల్‌ది కూడా పక్కనే పెట్టాలి.