అందరికీ తాళంచెవి ఎందుకు?

మిత్రులారా, కవితలూ ఎన్నికల కబుర్లూ చదివి ఇటు వచ్చినవారు కాస్త ఓపిక పట్టండి. నేను చెప్పబోయేది కంప్యూటర్ల సంగతే అయినా, అందులో నా తప్పు కూడా ఉంది.

పోయిన సంవత్సరం ఒక ఎలక్ట్రానిక్ బోర్డు నుంచి ఉష్ణోగ్రత రీడింగులు తీసుకుని ఫైలులో రాసే ప్రోగ్రాం ఒకటి మా ల్యాబు కోసం రాశాను. లైనక్సేమో సీరియల్ పోర్టు ముట్టనివ్వలేదు, అనుమతి లేదు పొమ్మంది. సిస్టమ్స్ చూసుకునే పని నాకే అప్పగించారు కనుక రూట్ పాస్‌వర్డ్ నా చేతిలో ఉంది. ఇంకేముంది! ప్రోగ్రాం యజమానిగా రూట్‌ని పెట్టి, సెట్‌యుఐడి గుర్తు తగిలించాను. ఆ గుర్తున్న ప్రోగ్రాంని ఎవరు నడిపినా, అది నడిపినవాడి హోదాతో కాక యజమాని హోదాతో నడుస్తుంది. పోర్టు తెరుచుకుంది. అందరూ భేష్ అన్నారు.

నెల తిరక్కముందే ఒక జూనియర్, రీడింగులు దాచే ఫైలు పేరు ఇవ్వవలసిన చోట ట్యాబ్ నొక్కుకుంటూ పోయి, ఒక సీనియర్ అక్కయ్య ప్రాజెక్టు రిపోర్టు పేరు ఇచ్చేశాడు. మామూలుగా అయితే సిస్టమ్ "ఇది నీది కాదు" అని ఆపేది. రూట్‌ని ఆపేదెవరు? నాలుగు నెలల పని మీద ఉష్ణోగ్రతలు పరుచుకున్నాయి. ఇంకో కాపీ లేదు. ఆమె నన్ను ఒక్క మాటైనా అనలేదు. అదే ఇంకా బాధ.

ఆ రాత్రి పహాడీ షరీఫ్‌లో మా మేడమీద కూర్చుని, దర్గా గుట్ట వైపు చూస్తూ అన్నయ్యకి ఇదంతా చెప్పుకున్నాను. ఆయన శంషాబాద్ విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పనిలో ఉన్నాడు. మెడలో పాస్ తీసి చూపించాడు.

"తమ్మీ, దీంతోని నేను సామాన్ల దగ్గర్కి పోతా. టవర్లకు పోతానంటే పోనిస్తరా? తారీఖు దాటితే గేటు కూడ దాటనియ్యరు. నువ్వేమో సామాను మోసేటోనికి టవర్ తాళం ఇచ్చినవ్."

కంప్యూటరు ముట్టని మనిషి!

నిజానికి సెట్‌యుఐడి చెడ్డ ఊహేమీ కాదు. బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ ఆలోచన అది. 1973లో దరఖాస్తు చేస్తే 1979లో పేటెంటు వచ్చింది. మన పాస్‌వర్డ్ మనం మార్చుకోగలగడం దాని పుణ్యమే. పాస్‌వర్డులు దాచిన ఫైలుని దిద్దే హక్కు మనకి లేదు, ఆ మార్చే ప్రోగ్రాంకి ఉంది. కానీ అలాంటి ప్రోగ్రాం రాసేవాడు ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి! ప్రపంచమంతా వాడే సుడోలోనే 2011లో దూరిన ఒక లోపం 2021 దాకా బయటపడలేదు. దాంతో మామూలు వాడు కూడా రూట్ అయిపోగలడు. పెద్దపెద్దవాళ్ళకే పదేళ్ళు కనబడనిది, నేను ఒక సాయంత్రం కూర్చుని రాసినదాంట్లో లేదని ఎలా చెప్పను?

నాకు కావలసింది నిజంగా చాలా చిన్నది. డెబియన్, ఉబుంటులలో సీరియల్ పోర్టు 'డయలౌట్' అనే గ్రూపుది. వాడేవాళ్ళని ఆ గ్రూపులో చేరిస్తే సరిపోయేది. అలాగే 1024 కంటే తక్కువ నంబరు పోర్టు కావాలనే వెబ్ సర్వర్‌కి, సెట్‌క్యాప్‌తో ఆ ఒక్క హక్కే ఇవ్వవచ్చు.

లెక్చరర్లకి ఒక మనవి. నా కథ విని ల్యాబులన్నీ బిగించేయకండి. బిగిస్తేనే మావాళ్ళు దొంగదారులు వెతుకుతారు. ఫలానా గ్రూపుకి ఫలానా కమాండు మాత్రమే అని సుడోలో రాసే వీలుంది, రాయండి. ఎడిటర్‌ని మాత్రం ఆ జాబితాలో పెట్టకండి, అందులోంచి షెల్‌లోకి దూకడం ఫస్టియర్ వాళ్ళకి కూడా వచ్చు.

అక్కయ్య రిపోర్టు మళ్ళీ రాసి ఇచ్చింది. గ్రాఫులు నేను గీశాను. తర్వాత సెట్‌యుఐడి గుర్తున్న ప్రోగ్రాములు ల్యాబులో ఇంకేమున్నాయో అని వెతికితే, సిస్టమ్‌తో రానివీ నేను పెట్టనివీ రెండు దొరికాయి. ఎవరు పెట్టారో ఇంకా తేలలేదు.