తెల్లబట్ట మందు వదినకొక్కదానికే ఇస్తే ఎలా?

సిగ్గుపడి దాటేయకండి, ఇది మనందరి ఇళ్ల విషయం.

మేము విశాఖలో హాస్టల్లో ఉండే ఏజెన్సీ అమ్మాయిలం. మా ఇళ్లలో మొదటగా కాలేజీకి వచ్చినవాళ్లం. అందుకే ఊళ్లో ఎవరికి ఏ బిళ్లలిచ్చినా ఫోన్ మాకే వస్తుంది. ఈమధ్య మాలో ఒకమ్మాయికి వాళ్ల వదిన చేసింది. తెల్లబట్ట, వాసన, దురద, ఒంటేలుకి వెళ్తే మంట. "వేడి చేసిందిలే" అని మజ్జిగ తాగి చాన్నాళ్లు ఊరుకుంది. ఆసుపత్రిలో ట్రైకోమోనియాసిస్ అన్నారు. మందు వాడితే తగ్గింది, రెండు నెలలకి మళ్లీ వచ్చింది. గాజువాకలో కాంట్రాక్టు పని చేసే అన్నయ్య మాత్రం ఒక్క బిళ్ల కూడా వేసుకోలేదు. ఆయనకి ఏ బాధా లేదు మరి!

చిక్కంతా అక్కడే ఉంది. ఇది కంటికి కనపడని పరాన్నజీవి వల్ల, కలయికతో వచ్చే జబ్బు. సోకిన మగవాళ్లలో చాలామందికి లక్షణాలే ఉండవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ప్రపంచమంతా కలిపి 15 కోట్ల 60 లక్షల కొత్త కేసులు. అంటే ఇది మనకొక్కరికే వచ్చింది కాదు. పైగా నయమయ్యే జబ్బు. ఎక్కువగా ఇచ్చే మందు మెట్రోనిడజోల్, విరేచనాలకి మనకి తెలిసిందే. అలాగని షాపులో రెండు బిళ్లలు కొని మింగితే కాదు, తెల్లబట్టకి వేరే కారణాలూ ఉంటాయి. డాక్టర్ చెప్పిన కోర్సు పూర్తిగా వాడాలి. భర్త కూడా అప్పుడే వాడాలి. ఇద్దరికీ తగ్గేదాకా కలవకూడదు. వదిలేస్తే హెచ్ఐవీ సోకే ప్రమాదం పెరుగుతుంది, కడుపుతో ఉన్నవాళ్లకి నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు.

మరి వదిన అన్నయ్యకి ఎందుకు చెప్పలేదు? "ఎవరు తెచ్చారు?" అనే పంచాయితీకి భయపడి. ఈ క్రిమి లక్షణాలు లేకుండా నెలల తరబడి ఒంట్లో ఉండగలదు. అలాంటప్పుడు ఎప్పుడొచ్చిందో, ఎవరి నుంచో ఏ పెద్దమనిషి తేలుస్తాడు? ఆ పంచాయితీ మానేసి ఇద్దరూ మందు వేసుకోవడమే న్యాయం అని మా అభిప్రాయం.

పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సురక్షా క్లినిక్‌లు ఉన్నాయి. చికిత్స ఉచితం, వివరాలు బయటపెట్టరు. అక్కడ ఆడవాళ్లకి చీటీ రాసేటప్పుడే భర్త సంగతీ అడగాలి, కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే మన అమ్మలకి అర్థమయ్యేలా చెప్పాలి. తమ్ముళ్లూ, మీకూ ఒక పని. ఈ మాట వదినలకి మేము చెప్తాం, అన్నయ్యలకి మీరు చెప్పండి.

జై ఆదివాసీ.