కోర్టు మార్షల్: ఎంపిక ఎవరి చేతిలో ఉండాలి?

2010 ఏప్రిల్ చివరి రోజుల్లో కశ్మీర్‌లోని బారాముల్లా జిల్లా నాదిహల్ గ్రామానికి చెందిన ముగ్గురు యువకులకు పని ఇప్పిస్తామని ఆశ చూపి, నియంత్రణ రేఖ సమీపంలోని మాఛిల్‌కు తీసుకెళ్లారు. అక్కడ వారిని కాల్చి చంపి, సరిహద్దు దాటి వచ్చిన ఉగ్రవాదులని ప్రకటించారు. ఆ వేసవిలో లోయంతా అట్టుడికింది. ఆందోళనల్లో వంద మందికి పైగా చనిపోయారు.

మాఛిల్ కేసులో సైన్యం చేతులు దులుపుకోలేదన్నది నిజం. ఒక కల్నల్ సహా ఆరుగురికి పడిన యావజ్జీవ శిక్షను 2015 సెప్టెంబరులో నార్తర్న్ కమాండ్ ధ్రువీకరించింది. తమ తోటి అధికారిని దోషిగా తేల్చడానికి కోర్టు మార్షల్ సభ్యులకు ధైర్యం కావాలి, ఆ గౌరవం వారికి ఇవ్వాల్సిందే. అయితే రెండేళ్లు తిరగకముందే, 2017 జులైలో సాయుధ దళాల ట్రిబ్యునల్ ఐదుగురి శిక్షను నిలిపివేసి బెయిలు మంజూరు చేసింది. అప్పీలు వినే కోర్టుకు ఆ అధికారం ఉంటుంది కాబట్టి దానితో నాకు పేచీ లేదు. నా ప్రశ్నల్లా నాదిహల్ కుటుంబాల గురించే. ఈ మొత్తం వ్యవహారంలో వారి స్థానం ఏమిటి? మామూలు నేర విచారణలో నిందితుడు నిర్దోషిగా బయటపడితే అప్పీలు చేసుకునే హక్కు 2009 చివరి నుంచి బాధితులకు ఉంది. ఆర్మీ చట్టంలో బాధిత కుటుంబం అనే మాటే లేదు. పిలిస్తే వచ్చి సాక్ష్యం చెప్పి వెళ్లాలి, అంతే.

అలా ఎందుకు ఉందో తెలియాలంటే కోర్టు మార్షల్ దేనికి పుట్టిందో చూడాలి. అది క్రమశిక్షణ కోసం ఏర్పడిన వ్యవస్థ. విధుల నుంచి పారిపోయినవాడిని, పై అధికారి ఆజ్ఞను ధిక్కరించినవాడిని త్వరగా విచారించి శిక్షించడం దాని పని. జనరల్ కోర్టు మార్షల్‌లో కనీసం ఐదుగురు అధికారులు కూర్చుంటారు. వారికి న్యాయశాస్త్ర పట్టా అక్కర్లేదు. చట్టం తెలిసిన జడ్జ్ అడ్వొకేట్ పక్కనే ఉంటారు గానీ ఓటు వేయరు. విచారణకు ఆదేశించేదీ, సభ్యులను నియమించేదీ సైనికాధికారే. తీర్పు వెలువడినా పై అధికారి ధ్రువీకరించే వరకు అది చెల్లదు. నచ్చకపోతే మళ్లీ ఆలోచించమని ఆయన ఒకసారి వెనక్కి పంపవచ్చు. సైనిక అంతర్గత వ్యవహారాలకు ఇది సరిపోతుందేమో! పౌరుడి హత్యకు సరిపోతుందా?

సరిపోదని చట్టం రాసినవారికీ తెలుసు. పౌరుల హత్య, అత్యాచారం కేసులు కోర్టు మార్షల్ పరిధిలోకి రావని 1950 నాటి ఆర్మీ చట్టం 70వ సెక్షన్ చెబుతుంది. ఆ వెంటనే 'క్రియాశీల సేవ'లో ఉన్నవారికి మినహాయింపు ఇస్తుంది. కశ్మీర్‌లో సైనికుల సేవను క్రియాశీల సేవగానే పరిగణిస్తారు. అంటే పౌరులకూ సైన్యానికీ మధ్య ఘర్షణ తలెత్తే చోటే నియమం పక్కకు తప్పుకుంటుంది. ఇక కేసు ఏ కోర్టుకు వెళ్లాలో తేల్చే విచక్షణను 125వ సెక్షన్ నిందితుడు పనిచేసే దళం కమాండింగ్ అధికారికి ఇస్తుంది. మేజిస్ట్రేటు అభ్యంతరం చెప్పవచ్చు, కానీ తుది మాట కేంద్ర ప్రభుత్వానిది.

ఈ ఎంపిక ఎక్కడికి దారితీస్తుందో పత్రిబల్ చూపింది. 2000 మార్చిలో ఛట్టీసింగ్‌పురాలో సిక్కుల ఊచకోత జరిగిన కొద్ది రోజులకే, హంతకులంటూ ఐదుగురిని పత్రిబల్‌లో చంపారు. వారు స్థానిక పౌరులని సీబీఐ తేల్చి, 2006లో ఐదుగురు సైనికాధికారులపై అభియోగపత్రం వేసింది. ఎక్కడ విచారించాలో సైన్యమే తేల్చుకోవాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. సైన్యం కేసును తన చేతిలోకి తీసుకుంది. 2014 జనవరిలో తగిన సాక్ష్యం లేదంటూ మూసివేసింది. సీబీఐకి కనబడిన సాక్ష్యం ఏ కోర్టు ముందుకూ రానేలేదు, కోర్టు మార్షల్ కూడా జరగలేదు.

2020 జులైలో షోపియాన్ జిల్లా అంషీపురాలో రాజౌరీ నుంచి వచ్చిన ముగ్గురు కూలీలు హతమయ్యారు. ఒక కెప్టెన్‌కు కోర్టు మార్షల్ యావజ్జీవం విధించింది. 2023 నవంబరులో ట్రిబ్యునల్ ఆ శిక్షనూ నిలిపివేసింది.

సివిల్ కోర్టులకు అప్పగిస్తే దొంగ కేసులతో సైనికుల మనోస్థైర్యం దెబ్బతింటుందని వాదిస్తారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే ప్రాసిక్యూషన్‌కు కేంద్రం అనుమతి తప్పనిసరి చేస్తూ సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం రక్షణ కవచం ఇచ్చే ఉంది. జమ్మూకశ్మీర్ నుంచి వచ్చిన 50 అభ్యర్థనల్లో 47 తిరస్కరించామని, మిగతా మూడు పరిశీలనలో ఉన్నాయని 2018 జనవరిలో రాజ్యసభకు కేంద్రమే చెప్పింది. ఇంతకన్నా మందమైన కవచం ఏముంటుంది?

మనకు ఈ పద్ధతిని ఇచ్చిన బ్రిటన్ దాన్ని ఎప్పుడో వదిలేసింది. విచారణకు ఆదేశించే అధికారే సభ్యులనూ నియమిస్తే అది నిష్పాక్షిక న్యాయస్థానం కాదని 1997లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఫిండ్లే కేసులో చెప్పింది. ఆ తీర్పుకు ముందే చట్టాన్ని మార్చుకోవడం మొదలుపెట్టిన బ్రిటన్, 2009 నాటికి సివిలియన్ జడ్జి అధ్యక్షత వహించే శాశ్వత సైనిక న్యాయస్థానాన్ని నెలకొల్పింది. మనం వలస పాలన నాటి చట్టాలకు కొత్త పేర్లు పెట్టుకుని మురిసిపోతున్నాం గానీ దీని జోలికి పోలేదు.

కోర్టు మార్షల్‌నే రద్దు చేయమని నేను అనడం లేదు. సైనికుడు సైనికుడిపై చేసిన నేరాన్ని సైన్యమే విచారించుకోవచ్చు. పౌరుడి ప్రాణం, మానం విషయంలో మాత్రం 70వ సెక్షన్‌లోని క్రియాశీల సేవ మినహాయింపును దేశంలోపల జరిగే నేరాలకు వర్తించకుండా చేయాలి. అప్పుడు 125వ సెక్షన్ కింద కమాండింగ్ అధికారి ఎంచుకోవాల్సిందేమీ మిగలదు. ఇందుకు పార్లమెంటు మార్చాల్సింది ఒక్క వాక్యం.