రోలో పోయింది, మిగతా జాగిలాల సంగతి ఏమిటి?

ములుగు జిల్లా సరిహద్దున ఉన్న కర్రెగుట్టల పేరు 2025 వేసవిలో దేశమంతా మారుమోగింది. ఏప్రిల్ 21న మొదలై మూడు వారాలు సాగిన గాలింపులో 31 మంది మావోయిస్టులు మరణించారని, 450 మందుపాతరలు దొరికాయని అధికారులు ప్రకటించారు. ఆ హడావుడిలో ఒక చిన్న వార్త చాలామంది కంట పడలేదు. ఏప్రిల్ 27న సి.ఆర్.పి.ఎఫ్. జాగిలం రోలో ఆ గుట్టల్లోనే ప్రాణాంతక ప్రమాదానికి గురై మరణించింది. తూటా తగిలి కాదు, మందుపాతర పేలి కాదు, తేనెటీగలు కుట్టి.

రోలో రెండేళ్ల బెల్జియన్ మాలినాయిస్ ఆడ జాగిలం. బెంగుళూరు దగ్గరి తరాలు కేంద్రంలో తర్ఫీదు పొంది, 2024 ఏప్రిల్‌లో నక్సల్ ప్రాంతానికి వచ్చింది. వాసన పట్టి భూమిలో పాతిన మందును చూపడం దాని పని. ఈగలు ముసిరినప్పుడు వెంట ఉన్నవారు దానిపై పాలిథిన్ పట్టా కప్పారు. కొన్ని ఈగలు పట్టా లోపలికి దూరాయి. మంటకు తాళలేక అది బయటికి ఉరికింది. దాదాపు 200 ఈగలు కుట్టాయి. అప్పటికప్పుడు చేయగలిగిన చికిత్స చేసి తరలించారు గాని దారిలోనే ఊపిరి ఆగింది. మరణానంతరం దానికి డైరెక్టర్ జనరల్ ప్రశంసా పతకం ప్రకటించారు.

వెంట ఉన్న జవాన్లను తప్పు పట్టవలసింది ఏమీ లేదు. అన్ని కాట్లు పడ్డ జంతువు పెద్ద ఆసుపత్రి గుమ్మంలో ఉన్నా బతుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయితే రోలో బతికేదా లేదా అన్నది కాదు ఇక్కడి ప్రశ్న. రేపు ఇదే అడవిలో మరో జాగిలం కాలికి తూటా తగిలితే, ఎండకు కూలబడితే, బతికించదగిన దానిని బతికించే ఏర్పాటు ఉందా అన్నదే ప్రశ్న.

సైన్యానికి ఈ విషయంలో కొంత మేలు. జంతువుల కోసం ప్రత్యేక వైద్య దళం ఉంది, మీరట్‌లో దానికి కళాశాల ఉంది. 2022 అక్టోబరులో అనంతనాగ్ జిల్లాలో జూమ్ అనే జాగిలానికి రెండు తూటాలు తగిలినప్పుడు శ్రీనగర్‌లోని సైనిక పశు వైద్యశాలకు చేర్చి శస్త్రచికిత్స చేశారు. 13వ తేదీన అది కన్నుమూసింది, కాని వైద్యం అందక కాదు. అదే ఏడాది జూలైలో బారాముల్లాలో ఆక్సెల్‌కు, 2024 అక్టోబరులో అఖ్నూర్‌లో ఫాంటమ్‌కు ఆ అవకాశం కూడా దక్కలేదు. సైన్యానికే అలా ఉంటే, జిల్లా పోలీసు జాగిలాల మాట చెప్పాలా? వెంకటాపురం అడవి నుంచి వరంగల్ చేరాలంటే నూరు కిలోమీటర్ల పైచిలుకు. అంత దూరం నెత్తురు ఆగదు.

కాబట్టి మొదటి అరగంట ఎవరి చేతిలో ఉంటుందో చూడాలి. అప్పుడు పక్కన ఉండేది పశువుల డాక్టరు కాదు, గొలుసు పట్టుకున్న హ్యాండ్లర్. ముప్ఫై కిలోల జాగిలం ఒంట్లో ఉండే రక్తమంతా సుమారు రెండున్నర లీటర్లు. అందులో ఒక లీటరు పోతే ప్రాణం మీదికి వచ్చినట్టే. గాయంపై శుభ్రమైన గుడ్డ పెట్టి, మధ్యమధ్య తీసి చూడకుండా అదిమి పట్టాలి. లోతుగా ఉంటే గాజుగుడ్డ కూరి అదమాలి. మనిషి కాలికి కట్టినట్టు పైన బిగించి కడదామంటే, కుక్క కాలు కిందికి సన్నబడుతుంది గనుక కట్టు జారిపోతుంది. ముందు చేతితో అదమడమే నమ్మకమైన పద్ధతి.

మరొక సంగతి. ఎంత మచ్చికైన జాగిలమైనా నొప్పిలో తన మనిషినే కరుస్తుంది. అందుకని ముందుగా గాజుగుడ్డతో మూతి కట్టాలి. కాని అది రొప్పుతున్నా, వాంతి చేసుకుంటున్నా, ఊపిరాడకున్నా మూతి కట్టకూడదు. కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పితేనే వేడి బయటికి పోతుంది. దాని మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల వరకు ఉంటుంది. 106కు చేరితే మెదడు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మన ఏప్రిల్, మే ఎండల్లో గుట్టలెక్కే జాగిలానికి తూటా కన్నా వడదెబ్బే దగ్గరి శత్రువు. వడదెబ్బ తగిలిన దానిని ముందు నీళ్లతో తడిపి, విసరి చల్లబరచాలి, ఆ తరువాతే బండి ఎక్కించాలి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. ముందు జీపులో పడేసి పరుగు పెడతారు.

జాలిపడి మనుషుల నొప్పి మాత్ర వేయడం ఇంకో పొరపాటు. మనం వాడే ఇబుప్రోఫెన్ వంటివి కుక్క కడుపును, మూత్రపిండాలను పాడుచేస్తాయి. గాయమే లేకుండా పొట్ట ఉబ్బి, వాంతి రాక వోకరిస్తుంటే అది పేగు మెలిక వంటి ఆపద, కడుపే తిరగబడిపోవడం. ఛాతీ లోతైన పెద్ద జాతి కుక్కల్లో ఇది వస్తుంది. గంటల్లో ఆపరేషన్ చేయకపోతే బతకదు. పశువుల ఉబ్బరం చూసిన రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. అర్థం కావలసింది బడ్జెట్ చూసే వారికి.

అమెరికాలో ఈ చిక్కు చట్టం దాకా వెళ్లింది. 2018 ఏప్రిల్‌లో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక పోలీసు సార్జెంటును కాల్చి చంపిన ఘటనలో ఆయన జాగిలం నీరోకు కూడా తూటా తగిలింది. అంబులెన్సు ఉంది, సిబ్బంది ఉన్నారు. కాని జంతువుకు చికిత్స చేయడానికి, ఎక్కించడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. చివరికి పోలీసు కారులోనే డాక్టరు వద్దకు చేర్చారు, అది బతికింది. 2022 ఫిబ్రవరిలో నీరో పేరనే చట్టం వచ్చింది. గాయపడిన మనుషులెవరూ ఆ బండి కోసం ఎదురుచూడని పక్షంలో జాగిలానికి ప్రథమ చికిత్స చేసి తరలించవచ్చునన్నది దాని సారాంశం.

మన దేశంలో 1984 నాటి పశు వైద్య మండలి చట్టం పశు వైద్యాన్ని రిజిస్టరైన డాక్టర్లకే అప్పగించింది. ఇది సబబే, నకిలీ వైద్యం ఎవరికీ వద్దు. అయితే డిప్లొమా ఉన్న సహాయకులు డాక్టరు పర్యవేక్షణలో చిన్న సేవలు చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వవచ్చునని అదే చట్టం చెబుతోంది. హ్యాండ్లర్ నెత్తురు ఆపవచ్చు, సెలైన్ ఎవరు పెట్టవచ్చు, 108 బండి ఖాళీగా ఉంటే జాగిలాన్ని ఎక్కించవచ్చునా అన్నవి కాగితంపై స్పష్టంగా ఉంటే గుట్ట కింద నిలబడి ఎవరూ తర్జనభర్జన పడనక్కర లేదు.

ఏజెన్సీలో ఈ మాట అంటే వెంటనే వచ్చే ప్రశ్న ఒకటుంది. గర్భిణిని డోలీలో మోసుకెళ్లే గూడేలుండగా కుక్కలకు అంబులెన్సు ఏమిటని. ఆ ప్రశ్నను తోసిపుచ్చడానికి వీల్లేదు. డోలీలు మోసే చోట రోడ్డు ముందు కావాలి, అందులో రెండో మాట లేదు. కాని మందుపాతర మనిషిని, జవానును వేరు చేసి చూడదు. 2024లో వాజేడు మండలం అడవిలో కట్టెలకు వెళ్లిన గ్రామస్థుడొకరు మందుపాతర పేలి చనిపోయాడు. అటువంటి బాటను ముందుగా వాసన చూసేది జాగిలమే. పైగా ఇక్కడ అడుగుతున్నది కోట్లు కాదు. గాజుగుడ్డ, సెలైన్ సీసాలు, థర్మామీటరు, డాక్టరు సూచనపై వాడే అడ్రినలిన్ ఉన్న ఒక సంచి, హ్యాండ్లర్లకు కొన్ని రోజుల శిక్షణ. ఆ సంచి అలవాటైన పశువుల డాక్టరు మండలంలో ఉంటే గూడెంలోని ఎద్దుకు, మేకకు కూడా మేలే.

మొయినాబాదులో పోలీసు జాగిలాలకు శిక్షణ ఇస్తున్నారు. ఆ పాఠాలలో హ్యాండ్లర్‌కు గాయాల చికిత్స గట్టిగా చేర్చాలి, రబ్బరు బొమ్మ పెట్టి చేతులతో చేయించాలి. 1962 నంబరు పశు వైద్య వాహనాలు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చాయి. అడవి గాలింపు మొదలయ్యే రోజున దగ్గరి వాహనానికి ముందే కబురుండాలి. మామునూరు పశు వైద్య కళాశాలతో జిల్లా పోలీసులు ఒప్పందం చేసుకుంటే రాత్రివేళ శస్త్రచికిత్సకు ఎవరిని లేపాలో తెలుస్తుంది. కుక్కకు కుక్క రక్తమే ఎక్కించాలి గనుక, దళంలోని ఆరోగ్యమైన జాగిలాల రక్తం గ్రూపులు ముందే రాసిపెట్టుకోవడం మరొక పని.

మేడారం జాతరకు లక్షలాది జనం వచ్చినప్పుడు గద్దెల చుట్టూ తిరిగి సంచులు వాసన చూసే జాగిలాలను అందరూ చూస్తారు. పిల్లలు దూరం నుంచి చేయి చూపి మురుస్తారు. వచ్చే జాతర నాటికైనా ఆ బందోబస్తు పత్రంలో, వైద్య శిబిరాల పట్టికలో, వాటి కోసం ఒక డాక్టరు పేరు, ఒక ఫోను నంబరు చేర్చడానికి జిల్లా యంత్రాంగానికి ఒక పూట చాలు.