ఇల్లిచ్చిన్రు సరే, అవ్వను కిందికి దించేదెవ్వలు?

మన తాన ఇండ్ల ముచ్చట వచ్చిందంటే లెక్కలే మాట్లాడుతరు. ఎన్ని మంజూరైనయి, ఎన్నిటికి స్లాబు పడ్డది, ఎన్ని గృహప్రవేశాలైనయి. ఆ సర్కారు మేం గిన్ని కట్టినమంటది, ఈ సర్కారు మేం గన్ని ఇస్తున్నమంటది. తాళంచెయ్యి చేతిల వెట్టి ఫొటో దిగినంక కత ఒడిసినట్టే. నేను అడిగేది ఆ ఫొటో తర్వాతి సంగతి. ఇల్లు అందినోళ్లల్ల డెబ్బై ఏండ్ల ఒంటరి అవ్వ ఉంటది, కాలు సరిగ లేని తాత ఉంటడు, చూపు తగ్గినోళ్లుంటరు. వాళ్లకు అసలు తిప్పలు తాళం తీసిన తెల్లారి మొదలైతయి. ఆ తిప్పలు చూసేటందుకు బిల్డింగుకు ఒక మనిషి గూడ లేడు.

సంగారెడ్డి జిల్లా కొల్లూరు సంగతే తీసుకుందాం. 2023 జూన్‌ల మొదలువెట్టిన ఆ డబుల్ బెడ్రూం కాలనీల 15,660 ఇండ్లున్నయి. ఒక్కొక్కటి 560 చదరపు అడుగులు. మన మండల కేంద్రాలు రెండు మూడు కలిపినా అన్ని ఇండ్లుండయి. రేకుల కింద కిరాయికి బతికినోళ్లకు అసొంటి ఇల్లు దొరుకుడు చిన్న సంగతి కాదు, నేను కాదంటలేను. కానీ ఆ బిల్డింగులు తొమ్మిది అంతస్తుల పైకి లేసినయి. లిఫ్టు నడిచినన్ని రోజులు ఏం కాదు. ఆగిననాడు మోకాళ్లు అరిగిన మనిషి ఇంట్లనే ఉండాలె. బీపీ గోలీలు ఒడిసినా, రేషన్ బియ్యం వచ్చినా, పాణం బాగలేకున్నా ఎవలన్న పైకి రావాలె గని తను దిగలేడు.

లిఫ్టు ఎవ్వలు నడపాలె? కింద దుకాణాలు కట్టి, వాటి కిరాయిలతోని నడుపుకోవాలె అన్నరు. ఇంటింటికి నెలకింత వసూలు చేసుకోవాలె అంటరు. కూలీ దొరకని నెల ఆ పైసలు ఎవ్వలిస్తరు? మోటరు కాలితే లెక్క వేలల్ల ఉంటది. ఇల్లు కట్టుటానికి లక్షలు పెట్టిన సర్కారు, దాన్ని నడిపేకాడికి వచ్చేవరకు నిరుపేదల మీద దొబ్బింది. మీద ఉన్నోళ్లు కిందోళ్లతోని, కిందోళ్లు మీదోళ్లతోని కొట్లాడుకునుడే మిగిలింది.

ఇంకొకటి. పాత బస్తీల ఉన్నప్పుడు అవ్వకు పక్కింటామె అడగకుండనే ఇంత చారు పోసేది, కిరాణపాయన ఉద్దెర ఇచ్చేటోడు, ఆటో పిల్లగాడు దవాఖానకు తీస్కపోయేటోడు. సర్కారు కాయిదాలల్ల యాడ లేకపోయినా ఆమెను బతికించింది అదే. ఇల్లు ఇరవై కిలోమీటర్ల దూరం పోయిందంటే ఆమె ఇంటితోపాటు వాళ్లందర్ని పోగొట్టుకున్నట్టే. కొత్త బిల్డింగుల పక్క తలుపోళ్ల పేరు తెల్వనీకే ఆర్నెళ్లు పడ్తది.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఇండ్ల పథకాలల్ల వాళ్లకు 5 శాతం ఇయ్యాలె అని జెప్తది. మంచి చట్టమే. అయితే దానికి 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలె. డెబ్బై ఐదేండ్ల మనిషికి నడుము వంగి, చేతులు వణికి, మెట్టు ఎక్కుతే ఎగపోస్తది. ఆ ముసలితనానికి సర్టిఫికెట్ యాడ దొరుకుతది? కింది అంతస్తు ఎవ్వలకియ్యాలె అన్నప్పుడు వయసు, రోగం, ఒంటరితనం మూడు గూడ చూడాలె.

ఇండ్లు కట్టిచ్చుట్ల మనకంటే శాన ముందునుంచి ఉన్న దేశం బ్రిటన్. అక్కడ మున్సిపాలిటీ అసొంటిదాన్ని కౌన్సిల్ అంటరు. 1919 చట్టం తర్వాత కౌన్సిళ్లు లక్షల ఇండ్లు కట్టి తక్కువ కిరాయికి ఇచ్చినయి. అండ్ల ముసలోళ్ల కోసం విడిగ కొన్ని కట్టిన్రు. ఇంట్ల ఒక దారం వేలాడుతుంటది, కింద పడ్డప్పుడు గుంజితే గంట మోగుతది. పొద్దుగాల తలుపు కొట్టి ఎట్లున్నవమ్మా అని అడిగే వార్డెన్ ఉంటది. 2003ల ఇసొంటి సాయం కోసమే అక్కడి సర్కారు ఏడాదికి 180 కోట్ల పౌండ్ల పద్దు ఒకటి పెట్టింది. 2009ల ఇంగ్లండ్‌ల ఆ పైసలు దీనికే ఖర్చు పెట్టాలె అనే షరతు తీసేసిన్రు. ఇగ కోతలు వచ్చిననాడు మొదలు పోయింది ఆ తలుపు కొట్టే మనిషే. ఇల్లు కూలితే పేపర్ల వస్తది, వార్డెన్ పోతే ఎవ్వలకు కనవడదు.

అక్కడనే లండన్‌ల గ్రెన్‌ఫెల్ టవర్ అని 24 అంతస్తుల కౌన్సిల్ బిల్డింగు. 2017 జూన్ 14న అంటుకొని 72 మంది సచ్చిపోయిన్రు. అండ్ల ఉన్న 37 మంది వికలాంగులల్ల 15 మంది ఆ రాత్రే పోయిన్రు. సొంతంగ దిగలేని ప్రతి మనిషికి, ఎట్ల దించాలె అనే ఒక పథకం ముందే రాసి పెట్టుకోవాలె అని విచారణ కమిటీ 2019ల జెప్పింది. 2022ల సర్కారు అది కుదరదన్నది. బాధితుల కుటుంబాలు, వికలాంగుల సంఘాలు కొట్లాడంగ కొట్లాడంగ 2025ల రూల్ తెచ్చింది. పైసలున్న దేశమే గన్నేండ్లు తీసుకున్నది. మన తొమ్మిది అంతస్తుల బిల్డింగులల్ల దిగలేనోళ్లు ఎంతమంది, ఏ ఫ్లాట్ల ఉన్నరు అనే ఒక్క కాయితం తయారు జేసుడుకు పైసలు గూడ పెద్దగ అక్కర లేదు. ఒక చదువుకున్న పిల్ల వారం రోజులు తిరిగితే అయితది.

మీరనొచ్చు, మాది ఊరన్నా, మాకు లిఫ్టులు లేవని. ఊర్ల తిప్పలు వేరే తీరు. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలిస్తరు, మన జాగల మనమే కట్టుకోవాలె. బేస్‌మెంట్ అయితే లక్ష, గోడలు లేస్తే లక్ష, స్లాబు పడితే రెండు, అంతా అయినంక లక్ష అని మొదలు జెప్పిన లెక్క. అంటే ప్రతిసారి పని ముందల, పైసలు ఎనుక. ఎద్దు ఎవుసం ఉన్నోడు, దుబాయ్‌ల కొడుకున్నోడు ఎట్లనో సదురుకుంటడు. మా ఊర్లె ఒక పెద్దమ్మకు పేరొచ్చింది. భర్త లేడు, పిల్లలు లేరు, కూలీ చేసే వయసు దాటింది. బేస్‌మెంట్ కోసం ఎవ్వల్ని అడిగినా మిత్తి మూడు రూపాయలన్నరు. సంఘంల లోను తీసుకో అని ఒకాయన సలహా ఇచ్చిండు. ఆసరా పెన్షన్ 2,016 రూపాయలల్ల కిస్తీ కట్టి ఏం తినాలె ఆమె? ముగ్గు పోసిన జాగల గడ్డి మొలిసింది. లిస్టుల మాత్రం ఆమె లబ్ధిదారే.

ఒంటరి ముసలోళ్లకు, వికలాంగులకు మొదటి లక్ష ముందుగాల ఇయ్యాలె. దుర్వినియోగమైతదని భయముంటే పైసలు ఆమె చేతికి కాకుండ మేస్త్రీకి, ఇటుకలోళ్లకు పంచాయతీ నుంచే కట్టుండ్రి. ఐదారు అసొంటి ఇండ్లు కలిపి ఒక్క మేస్త్రీకి అప్పజెప్పినా అయితది. ఇది శాతకాని పని కాదు, అడిగేటోళ్లు లేక ఆగింది. ఒంటరి అవ్వ ఎమ్మార్వో ఆఫీసుకు ఎన్నిసార్లు తిరుగుతది?

ఇల్లు కట్టే తీరు గూడ చూడాలె. మనోళ్లు గడప ఎత్తుగ పెడ్తరు, ఇంటి ముంగల నాలుగు మెట్లు కడ్తరు, బాత్రూంల నున్నటి టైల్స్ వేస్తరు. జారి తుంటి బొక్క ఇరిగితే ఆ మనిషి మల్ల లేసుడు కష్టం. గోడకు ఒక ఇనుప పైపు, గరుకు గచ్చు, మెట్ల పక్కన ఒక వాలు, కూసుండే దొడ్డి. కట్టేటప్పుడే చేస్తే వీటికి కొన్ని వేలు. కట్టినంక చేస్తే పగలగొట్టుడు, మల్ల కట్టుడు.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, మీ ఫోన్లల్ల 14567 రాసిపెట్టుకోండ్రి. అది పెద్దమనుషుల కోసం పెట్టిన ఎల్డర్‌లైన్. కొడుకులు ఇంట్ల ఉండనియ్యకపోయినా, పెన్షన్ ఆగినా తొవ్వ చూపెడ్తరు. 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గర తిండి ఖర్చులకు కేసు పెట్టొచ్చు. ఆ దరఖాస్తు రాసుడు మీకు గంట పని, వాళ్లకు అది తెల్వని లోకం. రేపు గ్రామసభల ఇందిరమ్మ లిస్టు చదివినప్పుడు పేర్లు విని లేసి రాకుండ్రి. ఇండ్ల ఒంటరోళ్లు ఎందరు, వాళ్ల ఇల్లు ఎవ్వలు కట్టిస్తరు అని అడగుండ్రి, జవాబు తీర్మానంల రాపియ్యుండ్రి. ముగ్గు పోసేనాడు మేస్త్రీ పక్కన నిలవడి, గడప ఎంత ఎత్తు పెడ్తున్నవే అని గూడ అడగుండ్రి.